పరుగెత్తని రాక్షసబల్లి

మ్యూజియం వెనక హాలు,
సోమవారం

మామయ్యగారికి నమస్కారాలు.

ఈ అక్షరాలు ఎవరివా అని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటారు. నేనే, మీ అల్లుణ్ణి. పెళ్ళయి మూడేళ్ళయినా మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోను చేద్దామంటే మీకు ఎడమ చెవి బొత్తిగా వినిపించదనీ, కుడి చెవికి సగం మాటలే అందుతాయనీ మీ అమ్మాయి ఎప్పుడో చెప్పింది. పైగా నేను అడగబోయేది మాటలతో తెమిలేది కాదు, బొమ్మలు చూపించాలి.

ఊరి బయట రోడ్డు కోసం రాయి కొడుతున్న క్వారీలో రెండేళ్ళ కిందట ఎముకలు బయటపడ్డాయి. పనివాళ్ళు మొదట చెట్టు దుంగ రాయిగా మారిందనుకున్నారట. మా మ్యూజియంలో శిలాజాల పని చూసే డాక్టరమ్మ పదకొండు నెలలు అక్కడే గుడారం వేసుకుని, సూదులతో, బ్రష్షులతో ఒక్కో ఎముకనీ రాతిలోంచి విడిపించి తెచ్చింది. మాంసం తినే రాక్షసబల్లి. మూతి నుంచి తోక కొస దాకా ఇరవై ఆరు అడుగులు. దాని పన్ను నా అరచేతిలో పెట్టింది. అంచు పొడవునా రంపంలా సన్నటి గాట్లు. కోట్ల ఏళ్ళనాటి పన్ను, వేలితో రాస్తే ఇప్పటికీ గీరుకుంటుంది. ఆ రోజంతా నాకు ఇంకే పనీ తోచలేదు.

ఆ ఎముకలు నిలబెట్టే చోట, వెనక గోడ మీద, అది బతికున్నప్పుడు ఎలా ఉండేదో నేను గీయాలి. నలభై అడుగుల గోడ, నాలుగు నెలల గడువు. ఇన్నాళ్ళూ బడి చార్టుల్లో ఆకులూ పిట్టలూ గీసినవాణ్ణి. ఇంత పని నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఎముకలు కళ్ళెదుట ఉన్నాయి, మాంసమే లేదు. తొడ ఎంత లావుండాలి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి? గీసినకొద్దీ తేలిపోతోంది. నాకు తెలిసినవాళ్ళలో జంతువు లోపలి సంగతి చేత్తో ఎరిగినవారు మీరొక్కరే. నలభై ఏళ్ళుగా మాంసం కొట్టు నడుపుతున్నారు.

మీ కొట్టుకి మొదటిసారి వచ్చినప్పుడు వేలాడుతున్న మేక తొడ చూసి నేను కళ్ళు తిరిగి పడిపోవడం మీరు మరిచిపోయి ఉండరు. నేనూ మరిచిపోలేదు. సిగ్గు విడిచి అడుగుతున్నాను. మూడు బొమ్మలు, తొడ ఎముక ఫొటో జత చేశాను. ఈ ఉత్తరం సంగతి మీ అమ్మాయికి చెప్పలేదు.

మీ అల్లుడు


కొట్టు,
శుక్రవారం

అల్లుడుగారికి,

మీ ఉత్తరం అందింది. బొమ్మలు చూశాను. దీనికి తొడ లేదు. ఎముకకి తోలు తొడిగి నిలబెట్టినట్టుంది. నెల రోజులుగా తిండి లేని జంతువు అంటే సరిపోతుంది. తిని తిరిగిన జంతువంటే మాత్రం నేను ఒప్పుకోను.

మీ బొమ్మల మీదే నీలం పెన్సిలుతో గీశాను. కొట్లో గుర్తులు పెట్టే పెన్సిలు, లావుగా పడుతుంది. ఎముకని చూస్తే మాంసం ఎక్కడుండేదో తెలుస్తుంది. ఎముక నున్నగా ఉన్నచోట మాంసం ఊరికే ఆనుకుని ఉంటుంది. గరుకుగా ఉన్నచోట కండని ఎముకకి కట్టే నరం పట్టుకుని ఉంటుంది. కత్తి మొరాయించేది అక్కడే. మీ ఫొటోలో తొడ ఎముక వెనకవైపు ఒక గరుకు గట్టు లేచి ఉంది. మేకకి అంత గట్టు ఉండదు. అక్కడ పట్టుకున్న నరం నా మణికట్టంత ఉండాలి. అది కాలిని వెనక్కి లాగుతుంది. వెనక ఏముంది? తోకే కదా. కాబట్టి తోక మొదలు మీరు గీసినట్టు తాడులా ఉండడానికి వీల్లేదు. దీనికి తోక మొదట్లోనే సగం తొడ ఉంది. అక్కడ కండ పెట్టండి.

మూడో బొమ్మ కొంత నయం. కన్ను బాగా గీశారు.

మీ ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను.

ఇట్లు,
మామగారు


మ్యూజియం వెనక హాలు,
బుధవారం

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివేశాను. చెప్పులు కూడా విప్పలేదు. మర్నాడు డాక్టరమ్మకి చూపిస్తే కళ్ళజోడు పైకి తోసుకుని, "ఈ తోక కండ సంగతి మా పుస్తకాల్లో ఉందండీ. ఈయన ఏ పుస్తకం చదివారు?" అంది.

"మా మామగారు మాంసం కొట్టు నడుపుతారండీ" అన్నాను.

ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చదివింది. 'ఎముక నున్నగా ఉన్నచోట' అని మీరు రాసిన నాలుగు మాటలూ తన నోటుబుక్కులో ఎక్కించుకుంది.

మీరు చెప్పినట్టు తోకకి కండ పెట్టగానే దానికి ఎక్కడ లేని బరువూ వచ్చింది. ఇన్నాళ్ళూ కాగితం మీద తేలుతున్నది కాస్తా నేల మీదికి దిగింది. గోడ మీద మొదలుపెట్టేశాను. డైరెక్టరుగారికి అది పరుగెత్తుతూ ఉండాలి. "తలుపు తీయగానే మీదికి దూకుతున్నట్టుండాలయ్యా" అంటున్నారు. కుడికాలు నేలకి తన్ని ఎగిరే క్షణం గీస్తున్నాను. మోకాలి కింది ఎముకల ఫొటోలు కూడా పంపుతున్నాను, పిక్క ఎలా ఉండాలో చెప్పండి. కుడికాలు మొత్తం దొరికింది. ఎడమకాలిది తొడ ఎముక ఒక్కటే.

ఇంకో మాట. మీ నీలం గీతల బొమ్మ బల్ల మీద ఉంటే మీ అమ్మాయి చూసింది. "ఇది నాన్న చేతి గీత" అంది. దాన్ని తీసుకెళ్ళి తన బట్టల అలమారలో పెట్టుకుంది. తిరిగి ఇమ్మని అడిగే ధైర్యం లేక మళ్ళీ గీసుకున్నాను.

మీ అల్లుడు


కొట్టు,
మంగళవారం

అబ్బాయ్,

ఫొటోలు చేరాయి. పిక్క సంగతి తర్వాత. ఆ కుడి మోకాలి కింది ఎముక విరిగింది. చచ్చాక కాదు, బతికుండగా. విరిగి, వంకరగా అతుక్కుంది. మధ్యలో వెదురు కణుపులా ఉబ్బు ఉంది చూడు. ఎముక తనకి తాను కట్టుకునే కట్టు అది. దాని అంచులు నున్నబడ్డాయి. అంటే విరిగిన నెలకో రెండు నెలలకో చావలేదు, ఏళ్ళు బతికింది. నా దగ్గరికి వచ్చిన మందల్లో ఇలాంటి కాళ్ళు పాతికైనా చూసి ఉంటాను.

నువ్వేమో దాన్ని పరుగెత్తిస్తున్నావు! అదీ ఆ కుడికాలితోనే తన్నిస్తున్నావు! ఆ కాలు పరుగు తీయదు. నిలబడ్డా బరువంతా ఎడమకాలి మీదే వేస్తుంది. రెండు తొడ ఎముకలూ పక్కపక్కన పెట్టించి ఆ గరుకు గట్లు కొలిపించు. పని ఎక్కువ చేసిన కాలికి గట్టు ఎక్కువ లేస్తుంది. ఎడమది పెద్దది కాకపోతే నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటాను.

ఎంత జంతువో చూడు. అంత బరువున్నది కాలు విరిగి కూలబడితే మర్నాడు తిండెలా? నీళ్ళ దాకా ఎలా పోయింది? అయినా బతికింది. రెండు రోజులుగా నాకు అదే ధ్యాస. తూకం వేసి, ఎవరికి వేశానో మరిచిపోతున్నాను.

ఇప్పుడు చదువుకుంటే ఏకవచనంలోకి దిగిపోయానని తెలిసింది. కొట్టేసి మళ్ళీ రాసే ఓపిక లేదు. ఏమనుకోకు.

మామగారు


మ్యూజియం వెనక హాలు,
ఆదివారం

మామయ్యగారూ,

ఏకవచనమే ఉంచండి. నాకు అదే బాగుంది.

మీ ఉత్తరం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కొట్టిపారేయలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. "పైనున్న రాతి బరువుకి ఎముకలు వంగడం మామూలేనండీ. ఆ ఉబ్బు రాతి పొరే కావచ్చు. ఫొటో చూసి అంత గట్టిగా ఎలా చెప్తారు?" అంది. డైరెక్టరుగారు పక్కనే ఉన్నారు. "ప్రారంభానికి ఆరు వారాలుంది. గోడ ముప్పాతిక అయింది. ఇప్పుడు దాన్ని కుంటిదాన్ని చేస్తావా? కుంటిదాన్ని చూడ్డానికి ఎవరొస్తారయ్యా?" అన్నారు. గడువుకి అవకపోతే గోడ ఇంకొకరికి ఇస్తానని కూడా అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ పరుగు బాగా కుదిరింది. నేను ఇంత బాగా ఎప్పుడూ గీయలేదు. హాలు ఊడ్చేవాళ్ళు కూడా చీపురు ఆపి చూస్తున్నారు. అందుకే మీ మాట తప్పయితే బాగుండునని రెండు రోజులు కోరుకున్నాను. ఆ తర్వాత మూడు రోజులు పరంజా ఎక్కి, కుంచె ముంచకుండానే దిగొచ్చాను.

కుంటి జంతువుని నేను దగ్గరగా చూసిందే లేదు. మీ దగ్గరికి రావచ్చా? మీ కొట్లో మేక కాలుని కీలు కీలుగా విప్పడం కూడా చూడాలి. పడిపోనని మాట ఇవ్వలేను.

మీ అల్లుడు


కొట్టు,
శనివారం

అబ్బాయ్,

క్షేమంగా చేరావనుకుంటాను. నిన్న నీ ఎదుట అనలేని మాట ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు నిలబడ్డావు. మేక కాలు విప్పుతున్నంతసేపూ నీ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఒక చేత్తో మాంసం కొట్టే మొద్దు అంచు పట్టుకున్నావు. అయినా కళ్ళు తిప్పుకోలేదు, రెండో చెయ్యి గీస్తూనే ఉంది. మా పెద్ద పనివాడు నవ్వుదామని కాచుకుని కూర్చుని, చివరికి నీకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నువ్వెళ్ళాక, "గట్టివాడేనండీ" అన్నాడు.

పెరట్లో ఆ కుంటి గొర్రె ఎదుట మూడు గంటలు నేల మీద కూర్చున్నావు. అది లేచినప్పుడల్లా ఒక బొమ్మ. దాన్ని ఇన్నాళ్ళూ ఎందుకు ఉంచారని అడిగితే, బరువు రాలేదన్నాను. అబద్ధం. అది లేచే తీరు చూడడం కోసం ఉంచుకున్నాను. మంచికాలు కిందికి ముడుచుకుని, మెడ ముందుకు చాచి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున లేస్తుంది. పొద్దున్న అది లేచేదాకా నేను టీ తాగను.

నువ్వు చూసి కూడా అడగని సంగతి ఒకటుంది. కాలు విప్పింది పనివాడు, నేను కాదు. నా కుడిచెయ్యి వణుకుతోంది. ఏడాదిన్నరగా కత్తి పట్టడం లేదు. అమ్మాయికి చెప్పకు.

ఆ ఎముకని ఒక్కసారి చేత్తో తడమాలని ఉంది. కంటికి తెలిసేది వేరు, వేలికి తెలిసేది వేరు. కానీ మీ పెళ్ళప్పుడు నలుగురి ముందూ అన్నాను, బొమ్మలు గీసేవాడి గడప తొక్కనని. మూడేళ్ళు తొక్కలేదు కూడా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రాను?

మామగారు


ఆసుపత్రి, ఎక్స్‌రే గది,
సోమవారం మధ్యాహ్నం

నాన్నా,

మీ ఉత్తరాలు నేనూ చదువుతున్నాను. చదవొద్దని ఎవరూ అనలేదు మరి. నీ చెయ్యి సంగతి నాకు ముందే తెలుసు. నీలం గీతల్లో వణుకు కనిపించింది. రూళ్ళకర్ర లేకుండా తిన్నగా గీత గీసే మనిషివి నువ్వు. ఆ బొమ్మ అందుకే దాచుకున్నాను.

రోజుకి నలభై విరిగిన ఎముకలకి ఫిలిములు తీస్తాను. నువ్వన్న ఫొటో నేనూ చూశాను. అది అతుకే. నువ్వు చెప్పింది నిజం. ఆయన చెప్తే మ్యూజియంవాళ్ళు వినలేదు, నేను చెప్పినా వినరు. నువ్వు చెప్తే వింటారు.

నువ్వు తొక్కనన్నది మా ఇంటి గడప. మ్యూజియం మా ఇల్లు కాదు. పైగా దానికి గడపే లేదు, వెళ్ళి చూసొచ్చాను. గురువారం ఆయన రంగులు కొనడానికి పొద్దున్నే వెళ్ళిపోతారు. నేను సెలవు పెట్టాను. పదింటికి బస్టాండులో ఉంటాను. నా మీద ఇంకా కోపం ఉంటే అక్కడే తిట్టు, తర్వాత వెళ్దాం.

నీ కూతురు


కొట్టు,
శుక్రవారం

అబ్బాయ్,

నిన్న నువ్వు లేనప్పుడు మీ మ్యూజియానికి వచ్చాను. కావాలనే వచ్చాను. మాటా మాటా పెరిగితే ఆ కోపం నా మీద పోవాలి గానీ నీ పని మీద పడకూడదు.

అమ్మాయి నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి డాక్టరమ్మ మాటలు అందించింది. మూడేళ్ళకి దాని గొంతు నా చెవిలో పడింది. మొదటి రెండు మాటలు ఏం చెప్పిందో నాకు ఎక్కలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను.

"ముట్టుకోవచ్చా తల్లీ?" అన్నాను.

"చేతులకి తొడుగు వేసుకోండి" అందావిడ.

"తొడుగు వేస్తే వేళ్ళకేం తెలుస్తుందమ్మా?"

నన్ను ఎగాదిగా చూసి, "అయితే సబ్బుతో కడుక్కురండి" అంది.

కళ్ళు మూసుకుని తడిమాను. చల్లగా రాయిలా ఉంది. రాయే కదా మరి. కానీ కింది నుంచి పైకి వస్తుంటే కణుపు తగిలింది. "ఇదిగో, ఇక్కడ పెట్టమ్మా నీ వేలు. రాయి నొక్కితే ఒకవైపే నలగాలి. ఇది చుట్టూ ఉంది చూడు. లోపలి నుంచి పెరిగింది" అన్నాను. ఆవిడ వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"తొడ గట్లు కొలిచారా?" అని అడిగాను. లేదంది. నా ఎదుటే కొలిచింది. ఎడమది కుడిదాని కంటే వేలెడు మందం ఎక్కువ. మళ్ళీ కొలిచింది. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది. "పదకొండు నెలలు దీన్ని నా చేతులతో శుభ్రం చేశాను. ఎముక చూశాను గానీ దాని కష్టం చూడలేదు" అంటోందని అమ్మాయి చెప్పింది.

"నువ్వు రాయి తొలిచి తీయకపోతే నేను తడమడానికి ఏముండేది తల్లీ?" అన్నాను. మాటవరసకి అన్నది కాదు. ఒక్క గాటు కూడా పడకుండా అంత ఎముకని రాతిలోంచి తీసింది. నా కత్తి చేయలేని పని.

గోడ మీద నీ పరుగు కూడా చూశాను. తలుపు తీయగానే ఒక అడుగు వెనక్కి వేశాను. చాలా బాగుంది. దాన్ని చెరపమని నేను చెప్పను. అది నీ చేతి పని, నీ ఇష్టం.

మామగారు


మ్యూజియం, పరంజా మీద,
ప్రారంభానికి రెండు రోజుల ముందు

మామయ్యగారూ,

నెల రోజులు ఉత్తరం రాయనందుకు క్షమించండి. రోజూ చీకటి పడేదాకా ఇక్కడే ఉంటున్నాను.

మీరు వచ్చి వెళ్ళాక ఆ ఆదివారం డాక్టరమ్మ ఆ ఎముకని దుప్పట్లలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మీ అమ్మాయే ఫిలిం తీసింది. లోపల విరిగిన గీత స్పష్టంగా ఉంది. ఆ ఫిలిం పట్టుకుని డాక్టరమ్మ తిన్నగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. "పరుగెత్తుతూ గీస్తే అది ఏ రాక్షసబల్లైనా కావచ్చు. ఈ విరిగి అతికిన కాలితో గీస్తేనే మనకి దొరికిన జంతువవుతుంది" అంది. ఆయన ఫిలిం కిటికీకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. "గడువు మాత్రం పెంచను" అన్నారు.

ఆ మధ్యాహ్నమే పరుగు మీద మట్టిరంగు పూసేశాను. ఏడు వారాల పని అరపూటలో పోయింది. చివర్న కన్ను మిగిలితే దాని మీద పూయడానికి చెయ్యి రాలేదు. దిగి బయటికి వెళ్ళి నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి డాక్టరమ్మ నా కుంచె పట్టుకుని ఆ పని కూడా చేసి పెట్టింది.

ఇప్పుడున్నది వాగు ఒడ్డున తెల్లవారే వేళ. జంతువు లేస్తోంది. ఎడమకాలు కిందికి ముడుచుకుని, వంకర కుడికాలు పక్కకి చాచి, తోక నేలకి ఆనించి, మెడ ముందుకు సాచి ఉంది. తొడ గట్టిపడింది గానీ ఒళ్ళు ఇంకా నేల విడవలేదు. రంగు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు, తెలిసినట్టు నటించలేదు. బురదలో పడుకున్న జంతువుకి బురద రంగే వేశాను. పరుగు గీసినప్పుడు నాకు దాని బలం తెలుసనుకున్నాను. ఇది గీస్తుంటే తెలిసింది, ప్రతి పొద్దున్నా ఆ బరువుని అది ఎలా ఎత్తుకుందో. చాలాసార్లు కుంచె ఆపి దాన్ని చూస్తూ ఉండిపోయాను.

కింద బోర్డు మీద కాలి సంగతి కనిపెట్టినవారంటూ డాక్టరమ్మ మీ పేరు రాయించింది. పేరు కింద 'మాంసం కొట్టు' అని కూడా. డైరెక్టరుగారు అదెందుకన్నారు. "అదే ముఖ్యం" అంది.

ఎల్లుండి తప్పక రండి. వారం ఉండేలా రమ్మని మీ అమ్మాయి చెప్పమంది.

మీ అల్లుడు


మీ ఇల్లు, మేడ మీది గది,
మంగళవారం

అబ్బాయ్,

మీరిద్దరూ పనికి వెళ్ళాక ఇది రాసి నీ బల్ల మీద పెడుతున్నాను. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. మీ ఇద్దరి ముందూ ఈ మాటలు నా నోట రావు, అమ్మాయేమో వెంటనే ఏడుస్తుంది.

ప్రారంభం రోజు జనంలో సరిగా చూడలేకపోయాను. అందుకని నిన్న నేనొక్కణ్ణే వెళ్ళి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. ముందు ఎముకలు, వెనక నీ బొమ్మ. ఎముకల్లో వంకరకాలు ఎక్కడుందో అక్కడి నుంచి కన్ను దానంతటదే గోడ మీది కాలి దగ్గరికి పోతుంది. ఒకావిడ తన కూతురికి "చూడు, పడుకుంది" అన్నట్టు చూపిస్తోంది. ఆ పిల్ల బాగా చూసి చేతులతో "లే, లే" అన్నట్టు సైగ చేసింది. నాకు మాట వినిపించలేదు గానీ ఆ చేతులు చూశాను.

నలభై ఏళ్ళు జంతువుల్ని విడదీసిన చేతులు నావి. ఎక్కడ కీలుందో, ఎక్కడ నరముందో, అన్నీ విడదీయడం కోసమే నేర్చుకున్నాను. అదే విద్యతో ఒక జంతువుని తిరిగి కూర్చవచ్చని ఈ వయసులో చూశాను. నువ్వు చాలా గొప్ప పని చేశావు. ఇది మామగారిగా అంటున్నది కాదు, కండ తెలిసినవాడిగా అంటున్నాను.

కాపలా మనిషి మూసే వేళయిందని పిలిచాడట, నాకు తెలియలేదు. దగ్గరికొచ్చి భుజం తట్టి, "ఎవరండీ మీరు? పొద్దుటి నుంచీ ఇక్కడే కూర్చున్నారు" అని గట్టిగా అడిగాడు.

"దీన్ని గీసినవాడికి మామగారిని" అన్నాను.

అతను గోడకేసి చూశాడు, నాకేసి చూశాడు. "అయితే కూర్చోండి. ఈ హాలు చివర్న మూస్తాను" అని పక్క గది వైపు వెళ్ళిపోయాడు.

మామగారు